మట్టి తినే బిడ్డ, మన చేతిలోని అమానత్



ఆటిజం ఉన్న బిడ్డ కొన్ని ఇళ్లలో అన్నం పళ్లెం తోసేసి గోడ సున్నం గీరుకుని తింటాడు. బలపం, ఎర్రమట్టి, సబ్బుముక్క, రాలిన వెంట్రుకలు, చివరకు జానిమాజ్ అంచు దారాలు కూడా వదలడు. కాణిపాకం, ఇరాల వైపు పల్లెల్లోనైనా, పట్నంలోనైనా పెద్దల మాట ఒకటే. దాదీ నజర్ తగిలిందంటుంది. పొరుగువారు తల్లి కడుపు నిండా పెట్టడం లేదంటారు. తండ్రి చెయ్యి చేసుకుంటాడు. ఆ తరువాత ఆలిమ్‌ను అడుగుతారు: “మట్టి తినడం హరామ్ కదా, బిడ్డకు గునాహ్ పడుతుందా?”

పడదు. చిన్నపిల్లల నుంచీ, మతిస్థిమితం లేనివారి నుంచీ కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఇక మట్టి తినేవారిని నిందిస్తూ జనంలో తిరిగే రివాయతులను ఇబ్నుల్ జౌజీ (రహ్మ) కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. వాటిని చెప్పి తల్లిని భయపెట్టకండి. ఫుఖహాలు మట్టిని వద్దన్నది అది ఒంటికి చేసే హాని వల్ల. ఆ హానిని అడ్డుకోవలసింది తెలివి ఉన్నవారు. కనుక లెక్క అడగబడేది బిడ్డను కాదు, మనల్ని.

ఈ అలవాటును వైద్యులు ‘పైకా’ అంటారు. రెండేళ్లలోపు పసివాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం సహజమే. ఆ వయసు దాటాక నెలకు పైగా సాగితే మాత్రం చూపించాలి. రోగమొస్తే చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) ఆదేశమే. ముందు రక్తపరీక్ష చేయించండి. ఇనుము, జింకు తక్కువైనా ఈ కోరిక పుట్టవచ్చు. కడుపులో నులిపురుగులు, రక్తంలో సీసం ఉన్నాయేమో కూడా అడగండి. పాత గోడరంగు పెచ్చుల్లో సీసం ఉంటుంది. మన ఇళ్లలో వాడే కొన్ని సుర్మాల్లోనూ ఉంటుంది. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇనుము తక్కువని తేలితే డాక్టరు ఇచ్చిన మందుతో పాటు కలేజీ, ఆకుకూర పెట్టండి. భోజనంతో చాయ్ ఇవ్వకండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

తావీజు సంగతి. ఉలమాల అభిప్రాయభేదాల జోలికి ఇక్కడ పోను. కానీ ఈ బిడ్డ మెడలో నల్లదారం, లోహపు గొట్టం కట్టడమంటే మింగే వస్తువును నోటి దగ్గరే వేలాడదీయడం. తీసేయండి. దువాకు దారం అక్కర్లేదు.

రక్తం బాగైనా కొందరిలో అలవాటు పోదు. కరకరలాడే స్పర్శ కోసమో, ఊసుపోకనో, మనం కేకలేస్తూ పరుగెత్తుకొస్తామనో తింటారు. ఏ వేళ, ఎక్కడ, ఏది తింటున్నాడో వారం రోజులు రాసిపెట్టండి. కరకర కోరేవాడికి మురుకు, అటుకులు ఇవ్వండి. చేతిలోది మనకిస్తే ఇష్టమైన తిండి దొరుకుతుందని నేర్పండి. అరవకుండా, ముఖం చిట్లించకుండా, నెలల తరబడి. సబర్ అంటే ఇదే. వాడు లేవకముందే నేల ఊడ్చి, సూదులు, గుండీలు, బ్యాటరీలు, అయస్కాంతాలు తాళం వేసి పెట్టండి.

గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించకండి, ‘దొడ్డికి పోతే వచ్చేస్తుందిలే’ అని ఆగకండి. 108 పిలవండి. కడుపు ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా, మలం బిగుసుకున్నా అంతే. మింగిన వెంట్రుకలు, గుడ్డలు పేగుకు అడ్డుపడి ఆపరేషన్ దాకా పోయే పిల్లలున్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. సదరం శిబిరంలో పరీక్ష చేయించి ధృవపత్రం తీసుకోండి. నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు వస్తుంది. బిడ్డ పేరు నమోదు చేయించడానికి సిగ్గుపడే తండ్రులున్నారు. ఆ సిగ్గు ఎవరి ముందో నాకు అర్థం కాదు.