రివర్ సాంగ్ ఎవరు?

కొండపై పొగ కనబడినచో అచ్చట నిప్పు గలదని మనము చెప్పుదుము. నిప్పును మనము చూడలేదు. చూచినది పొగ మాత్రమే. అయినను మన మాట నిలుచును. ఏలయన, నిప్పు లేనిదే పొగ పుట్టదు. తార్కికులు దీనికి అనుమానమని పేరిడిరి. ఇచ్చట అనుమానమనగా సందేహము గాదు. కనబడిన గుర్తును బట్టి కనబడని దానిని నిశ్చయించుట. గుర్తేమియు లేక మనస్సునకు తోచినది చెప్పుట వట్టి ఊహ. ఈ రెండింటికిని గల భేదమును వినోదముగా నేర్చుకొనుటకు ఇంగ్లండు దేశపు టెలివిజన్ కథ యొకటి మనకు తోడ్పడును.

ఆ కథ పేరు 'డాక్టర్ హూ'. బి.బి.సి. వారు దీనిని 1963వ సంవత్సరము నవంబరు 23వ తేదీన ప్రారంభించిరి. 1989లో నిలిచిపోయిన యీ ధారావాహిక 2005లో మరల మొదలయ్యెను. ఇందలి నాయకుని అందఱును డాక్టరని పిలుతురు. ఇతడు కాలాధిపతులను జాతికి చెందినవాడు. నీలిరంగు పోలీసు పెట్టెవలె కనబడు 'టార్డిస్' అను నౌకలో కాలమునందును ఆకాశమునందును సంచరించుచుండును. మరణము సమీపించినప్పుడు ఇతని దేహము మారి క్రొత్త రూపము దాల్చును. కావుననే పలువురు నటులు ఒకరి తరువాత నొకరు ఈ పాత్రను ధరింపగలిగిరి.

2008వ సంవత్సరము మే 31వ తేదీన ప్రసారమైన భాగమున క్రొత్త స్త్రీ యొకతె ప్రవేశించెను. ఆమె పేరు రివర్ సాంగ్, పురావస్తు శాస్త్రజ్ఞురాలు. ఈ పాత్రను సృష్టించిన రచయిత స్టీవెన్ మాఫట్. ధరించిన నటి అలెక్స్ కింగ్‌స్టన్. ఆమె డాక్టరును చిరకాలమిత్రునివలె పలుకరించెను. అతడో, ఆమె నెన్నడును చూచియుండలేదు! వారిద్దరు కలిసికొన్న సంగతులన్నియు ఆమె తన నీలిరంగు దినచర్య పుస్తకమున వ్రాసికొన్నది. కాని దానిని అతనికి చూపదు. ఎవరికిని తెలియని అతని నిజనామమును అతని చెవిలో చెప్పినది. మఱుసటి వారమే ఇతరులను కాపాడుటకై ప్రాణము విడిచినది. కాలమునందు ప్రయాణించువారగుటచే వారిద్దరి సమావేశముల వరుస తలక్రిందులైనది. అతనికి మొదటిదైన కలయిక ఆమెకు చివరిది. ప్రేక్షకులు ఆమె అంతమును చూచిరి. ఆదిని మాత్రము ఎఱుగరు.

అప్పటినుండి మూడు సంవత్సరములు ఆమె యెవరను ప్రశ్న అభిమానులను విడువలేదు. రహస్యమైన పేరు తెలిసినది గనుక భార్యయే యని కొందఱనిరి. ఆమె కాలాధిపతుల జాతి స్త్రీయనియు, పూర్వపు కథలలో వచ్చిన రోమానా గాని రాణీ గాని క్రొత్త రూపమున వచ్చినదనియు కొందఱనిరి. డాక్టరే భవిష్యత్తున స్త్రీరూపము దాల్చి వచ్చెనని మఱికొందఱు వాదించిరి.

2010లో మఱికొన్ని గుర్తులు బయటపడెను. ఆమె కాలాధిపతుల ప్రాచీన లిపి వ్రాయగలదు. టార్డిస్ నౌకను డాక్టరుకంటె చక్కగా నడపగలదు. ఒక సత్పురుషుని చంపిన నేరమునకు చెఱలో నున్నది. ఆ సత్పురుషుడు డాక్టరే యేమో యని పలువురు శంకించిరి. ఆ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన ఏమీ పాండ్ అను యువతి డాక్టరునకు సహచారిణిగా కథలో ప్రవేశించియుండెను. పాండ్ అనగా చెఱువు. రివర్ అనగా ఏఱు. రెండును నీటి పేర్లే యని కొందఱు చురుకైన ప్రేక్షకులు గుర్తించిరి.

2011 మే 14వ తేదీ భాగమున ఒక వింత వాక్యము వినబడెను: అడవిలో ఏఱు తప్ప వేఱు నీరు లేదని దాని తాత్పర్యము. అప్పటికి దాని యర్థము కథలోని వారికిని తెలియలేదు. మూడు వారములకు, జూన్ 4వ తేదీన, ముడి విడిపోయెను. ఏమీ పాండునకు పుట్టిన ఆడుబిడ్డ పేరు మెలడీ పాండ్. అడవిజాతి యువతి యొకతె ఆ పేరును తన భాషలో గుడ్డపై కుట్టి తల్లికిచ్చెను. ఆ జాతివారికి చెఱువన నేమో తెలియదు. వారెఱిగిన నీరు ఏఱు మాత్రమే. కావున 'రాగము' అను అర్థముగల మెలడీ 'పాట' అను అర్థముగల సాంగ్ అయినది. పాండ్ రివర్ అయినది. ఆ బిడ్డయే పెరిగి రివర్ సాంగ్ అయినది!

ఇప్పుడు ఆ యూహలను పరీక్షింతము. భార్య యన్నవారి మాట అబద్ధమా? కాదు, 2011 అక్టోబరు 1వ తేదీ భాగమున డాక్టరు ఆమెను పెండ్లాడెను. ఆమెయందు కాలాధిపతుల లక్షణములు గలవన్న మాటయు నిజమే. డాక్టరును చంపిన నేరమునకే ఆమెకు శిక్ష యన్నదియు నిజమే. అయితే అతడు నిజముగా చావలేదు. ఏనుగును తడవిన గ్రుడ్డివారివలె ఒక్కొక్కరు ఒక్కొక్క భాగమును పట్టుకొని, తక్కినవారిది తప్పని వాదించిరి. ఒక గుర్తునకు సరిపోయిన సిద్ధాంతము సత్యములో ఒక పాలు కావచ్చును, సత్యమంతయు కానేరదు.

ఒక ఆక్షేపణ మాత్రము బలమైనది. ఆమెకు రూపము మార్చు శక్తి యున్నచో, 2008లో ఎందుకు మారక మరణించెను? దీనికి ఉత్తరము 2011 ఆగస్టు 27వ తేదీ వఱకు రాలేదు. డాక్టరు ప్రాణము నిలుపుటకై ఆమె తన శక్తినంతయు ముందే ధారపోసెనని అప్పుడు తెలిసినది. మన సిద్ధాంతమునకు అడ్డువచ్చు సంగతిని దాచిపెట్టక, దానికి సమాధానము దొరకువఱకు ఓపికతో నుండుట మంచి శోధకుని లక్షణము.

అన్నిటికంటె ముఖ్యమైనది యొకటి కలదు. 2008లో ఏమీ పాండ్ కథలోనికి రానేలేదు. కావున ఎంత మేధావియైనను అప్పుడు సరియైన ఉత్తరము చెప్పుటకు సాక్ష్యమే లేదు. అట్టి సమయమున 'ఇంకను తెలియదు' అనుటయే సరియైన ఉత్తరము. ఇది అజ్ఞానము గాదు, జ్ఞానమునకు ద్వారము.

సమాధానమును పొందుటకు మఱియొక మార్గము గలదు, అది దొంగమార్గము. 2011లో ప్రసారమునకు ముందే మొదటి రెండు భాగములను లండనులో పత్రికలవారికిని కొందఱు అభిమానులకును చూపి, రహస్యము కాపాడుడని కోరిరి. అయినను కథయంతయు ఇంటర్‌నెట్టున ప్రకటింపబడెను. మాఫట్ దీనికి బహిరంగముగా తన బాధను వెల్లడించెను. లెక్కల పుస్తకపు చివరనున్న జవాబును చూచి వ్రాసిన బాలునికి జవాబు లభించును గాని లెక్క రాదు. ఇతరులకు చెప్పివేసిన బాలుడు వారి యానందమును కూడ అపహరించును.

మఱి ముడి విడిన పిమ్మట కథ చప్పబడెనా? లేదు. 2008లో ఆమె డారిలియమ్ అను గ్రహమున డాక్టరుతో గడపిన రాత్రిని గూర్చి చెప్పెను. ఆ రాత్రి 2015 డిసెంబరు 25వ తేదీన ప్రేక్షకులకు కనబడెను. అచ్చటి రాత్రి ఇరువదినాలుగు సంవత్సరములు! తన్ను ప్రేమించినవాడే తన్ను గుర్తింపనినాడు ఆమెకు కలిగిన దుఃఖమెంతటిదో, ఆమె యెవరో తెలిసికొని మొదటి భాగమును మరల చూచినవారికే బోధపడును.

ప్రియ విద్యార్థులారా, మన తరగతిలోనికిని వీధిలోనికిని క్రొత్తవారు వచ్చుచునే యుందురు. వారి మాటను, బట్టను, మౌనమును చూచి ఒక గడియలోనే వారెట్టివారో మనము తీర్పు చెప్పుదుము. ఒక్కొక్క మనుజుడును ఇంకను మనము చదువని దినచర్య పుస్తకమే. గుర్తులను జాగ్రత్తగా చూడుడు, ఊహింపుడు, కాని ఊహను నిజమని చాటకుడు. పొగను చూచిన పిమ్మటనే నిప్పు మాట పలుకుడు.