బిడ్డకు ఇంట్లో ఒక చోటు





కొన్నేళ్ళ క్రితం బడులు తెరిచే రోజుల్లో మన సొసైటీ తరఫున పిల్లలకు బ్యాగులు, నోటు పుస్తకాలు పంచాం. షామియానా వేశాం, మైకు పెట్టాం. ఒక్కొక్క బిడ్డను పేరు పెట్టి పిలిచి వేదిక ఎక్కించాం, ఫోటోలు తీయించాం. కార్యక్రమం బాగా జరిగిందని అందరం సంతోషించాం. నెల తర్వాత ఒక తల్లి మాతో నెమ్మదిగా అంది: “ఆ బ్యాగు బాబు బడికి పట్టుకెళ్ళడం లేదు భాయ్. దాని మీద సొసైటీ పేరుంది కదా, క్లాసులో పిల్లలు అడుగుతున్నారంట. పాతదే కుట్టించుకుని మోస్తున్నాడు.”

ఆ బాబు అప్పుడు ఏడో తరగతి. మేము మంచి మనసుతోనే ఇచ్చాం. కానీ ఇచ్చిన తీరు వల్ల ఆ పిల్లవాడు తోటివారి ముందు చిన్నబోయాడు. తప్పు మాదే. బిడ్డకు చదువు, బట్ట, తిండి అందితే సరిపోతుందా, వాటితో పాటు ఇంకేదైనా కావాలా అని ఆ రోజు నుంచి మేము ఆలోచిస్తున్నాం. ఈ ఏడాది సంచికలో ఆ ఆలోచనలనే మీతో పంచుకుంటున్నాం.

మన నర్సీపట్నంలో ఇళ్ళ పరిస్థితి మనకు తెలిసిందే. అబ్బా పొద్దున్నే దుకాణానికో, మెకానిక్ షెడ్డుకో, లోడు బండి మీదో వెళితే ఇషా నమాజు దాటాకే ఇల్లు చేరతాడు. అమ్మీ వంట ముగించి కుట్టు మిషను ముందు కూర్చుంటుంది. దాదీ, నానీ కలిసి ఉన్న ఇళ్ళు తగ్గిపోయాయి. బిడ్డకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ అక్షరాలు. ఏదో ఒక చోట మాట తడబడుతుంది, ఎవరో ఒకరు నవ్వుతారు. ఇంటికి వచ్చి చెప్పుకుందామంటే వినే తీరిక ఎవరికీ ఉండదు. ఇలా రోజూ జరిగితే ధైర్యమైన బిడ్డ కూడా మాట తగ్గించేస్తాడు.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బాల్యాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆయన పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ మరణించారు. ఆరేళ్ళ వయసులో తల్లి ఆమినా కూడా కన్నుమూశారు. తాత అబ్దుల్ ముత్తలిబ్ ఆ బిడ్డను చేరదీశారు. ఆ తాత ఖురైషుల పెద్ద. కాబా నీడలో ఆయన కోసం ఒక పరుపు పరిచేవారు. ఆయన కన్నకొడుకులు సైతం గౌరవంతో దాని మీద కూర్చోక చుట్టూ కూర్చునేవారు. చిన్నారి ముహమ్మద్ (సఅసం) మాత్రం నేరుగా వచ్చి దాని మీదే కూర్చునేవారు. పెద్దవాళ్ళు పక్కకు తీయబోతే తాత వారించేవారు. తన పక్కనే కూర్చోబెట్టుకుని వీపు నిమిరేవారు. ఆ తాత నీడ దొరికింది సుమారు రెండేళ్ళే. ఎనిమిదేళ్ళ వయసులో ఆయన కూడా పోయారు. ఆ తర్వాత తండ్రి సోదరుడు అబూ తాలిబ్ అంతే ప్రేమగా పెంచారు.

ఇందులో మనకో పాఠం ఉంది. అనాథ బిడ్డకు అన్నం పెట్టేవారు ఆ కాలంలోనూ ఉన్నారు. నలుగురి మధ్య కూర్చోబెట్టి, “ఇది నీ చోటే” అనిపించేవారే అరుదు. బిడ్డలో ఆత్మవిశ్వాసం కలిగేది ఆ చోటు వల్లే. ఆ చోటును మన ఇళ్ళలో రోజూ ఎలా ఇవ్వాలో చూద్దాం.

మొదటిది, మాట వినడం. దైవప్రవక్త (సఅసం) దగ్గర సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి)కు అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. వాడు ఆడుకునే చిన్న పిట్ట చనిపోతే దిగులుగా కూర్చున్నాడు. అంత పెద్ద బాధ్యతలు మోస్తున్న ప్రవక్త (సఅసం) ఆ పసివాణ్ణి పలకరించి, పిట్ట ఏమైందని అడిగారు. పిల్లల దిగులు మనకు చిన్నదిగా కనిపించవచ్చు, వారికి అది పెద్దదే. దుకాణం మూసి వచ్చాక పావుగంట చాలు. ఆ పావుగంట ఫోను పక్కన పెట్టి, “ఈ రోజు ఏం జరిగింది బేటా?” అని అడగండి. సలహా ఇవ్వక్కర్లేదు, చివరిదాకా వింటే చాలు.

రెండోది, ఫోను. బిడ్డ ఏడిస్తే ఫోను, అన్నం తినకపోతే ఫోను, చుట్టాలు వస్తే ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట దాటకూడదు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. ఫోను లాక్కుంటే సరిపోదు, దాని బదులు ఏదో ఒకటి చేతికి ఇవ్వాలి. మనకు దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో, లక్కతో, సహజమైన రంగులతో అక్కడ చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి బొంగరం ఒకటి కొనిచ్చి, తిప్పడం మీరే నేర్పండి. బొంగరం కన్నా మీరు పక్కన కూర్చున్నారన్నదే బిడ్డకు గుర్తుంటుంది.

మూడోది, తిట్లు, పోలికలు. హజ్రత్ అనస్ (రజి) సుమారు పదేళ్ళ వయసులో ప్రవక్త (సఅసం) సేవలో చేరి పదేళ్ళు ఉన్నారు. అన్నేళ్ళలో ఒక్కసారైనా ఆయన విసుక్కోలేదని, ఎందుకు చేశావని గాని, ఎందుకు చేయలేదని గాని నిలదీయలేదని స్వయంగా చెప్పారు. మనం ఒక్క పూటలో ఎన్నిసార్లు విసుక్కుంటున్నామో లెక్క వేసుకుందాం. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడిలో పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా ఆ చట్టం ప్రకారం నిషేధం. ఇంట్లో ఆ కట్టుబాటు మనకు మనమే పెట్టుకోవాలి.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ఈ కట్టుబాటు మరీ అవసరం. “పక్కింటి అబ్బాయికి ఎన్నొచ్చాయి?” అనే ప్రశ్న ఆ రోజు అడగవద్దు. ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ ఉంది. ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. బిడ్డ మరీ ముభావంగా ఉన్నా, తిండి, నిద్ర తప్పినా ఆలస్యం చేయకుండా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ.

నాలుగోది, సమానంగా చూడడం. ఒక తండ్రి తన కొడుకు నుమాన్ (రజి)కు కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని ప్రవక్త (సఅసం)ను కోరారు. పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదనగానే సాక్షిగా ఉండడానికి ఒప్పుకోలేదు, పిల్లల మధ్య న్యాయంగా ఉండమన్నారు. అబ్బాయికి ప్రైవేటు బడి, అమ్మాయికి ఇంటిపని అనే ఇళ్ళు ఈ మాటను గుర్తుంచుకోవాలి. ఆడపిల్ల పైకి ఏమీ అనకపోవచ్చు, కానీ తన స్థానం ఎక్కడో అర్థం చేసుకుంటూనే ఉంటుంది.

ఐదోది, అభిప్రాయం అడగడం. ఒకసారి దైవప్రవక్త (సఅసం) దగ్గరకు పానీయం తెచ్చారు. ఆయన కుడివైపున ఒక బాలుడు, ఎడమవైపున పెద్దలు ఉన్నారు. కుడివైపు వారికి ముందు ఇవ్వడం పద్ధతి. పెద్దలకు ముందు ఇవ్వనా అని ఆయన ఆ బాలుణ్ణే అనుమతి అడిగారు. మీ చేతి నుంచి వచ్చే నా వంతును ఎవరికీ వదులుకోనని ఆ బాలుడు నిర్భయంగా చెప్పాడు. ఆయన కోప్పడలేదు, గిన్నె అతని చేతిలోనే పెట్టారు. అడిగిన తర్వాత బిడ్డ చెప్పిన జవాబును గౌరవించాలని ఈ సంఘటన మనకు నేర్పుతోంది.

ఇక దాతలకు ఒక మనవి. దానం చేసి ఎత్తిపొడిచినా, మనసు నొప్పించినా ఆ దానం పుణ్యం పోతుందని దివ్య ఖురాన్ బఖరా సూరాలో హెచ్చరించింది. మనం నోటితో ఎత్తిపొడవం. కానీ వేదిక మీది ఫోటో, బ్యాగు మీది పేరు అదే పని చేస్తాయని మాకు ఆ ఏడో తరగతి బాబు వల్ల తెలిసింది. అందుకే ఇప్పుడు మేము పద్ధతి మార్చాం. పిల్లల్ని వరుసలో నిలబెట్టడం లేదు. తల్లిదండ్రుల చేతికి చీటీ ఇస్తున్నాం. వారు బిడ్డను దుకాణానికి తీసుకెళితే, బిడ్డ తనకు నచ్చిన రంగు బ్యాగు తనే ఎంచుకుంటున్నాడు. డబ్బు ఎవరు కట్టారో దుకాణంలో ఎవరికీ తెలియదు.

ఈ పద్ధతిలో మీకు చూపించడానికి మా దగ్గర ఫోటోలు ఉండవు, లెక్కలు మాత్రం ఉంటాయి. ఎప్పుడు వచ్చినా చూసుకోవచ్చు. ఫోటో లేదని మీరు నొచ్చుకోవద్దని కోరుతున్నాం. మీరిచ్చిన డబ్బుతో ఒక బిడ్డ తల ఎత్తుకుని బడికి వెళ్ళాడు. అల్లాహ్‌కు అది తెలుసు.

అల్లాహ్ మన సంతానాన్ని మన కళ్ళకు చలువగా చేయుగాక! మన ఇళ్ళలోని బిడ్డలకే కాక, తల్లిదండ్రుల నీడ లేని బిడ్డలకు కూడా మన పక్కన చోటు ఇచ్చే మనసును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.