రెప్ప బరువు దింపే సర్జరీ

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు. పై రెప్పల చర్మం జారి కళ్ల మీద పడుతోంది. సర్జరీ చేయించొచ్చా?

జవాబు: ముందు తేలాల్సింది, జారింది చర్మమా, రెప్పను ఎత్తే కండరమా అన్నది. కండరం బలహీనపడితే చర్మం ఎంత తీసినా రెప్ప లేవదు. దానికి ఆపరేషన్ వేరు. చర్మమే అయితే దాన్ని తీసే బ్లెఫరోప్లాస్టీ చేస్తారు. సాధారణంగా రెప్పకే మత్తు ఇస్తారు. కోత గీత రెప్ప మడతలో కలిసిపోతుంది. చాలామంది అదే రోజు ఇంటికెళ్తారు.

కుట్లు దాదాపు వారానికి తీస్తారు. వాపు, కమిలిన నలుపు రెండు వారాల దాకా ఉండొచ్చు. ఇంట్లో పెళ్లి ఉంటే అది అయ్యాకే సర్జరీ పెట్టుకోవడం మేలు! కంటి చివరి ముడతలు మాత్రం దీనితో పోవు.

రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్నా, పొడికళ్లు, థైరాయిడ్ ఉన్నా డాక్టర్‌కు ముందే చెప్పాలి. కంటి వెనక రక్తస్రావం అరుదే గానీ చూపు పోగొట్టగలదు. ఆపరేషన్ తర్వాత తీవ్రమైన నొప్పి వచ్చినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.