టీకా మీద ఫార్వర్డులు: నమ్మే ముందు తెలుసుకోవాల్సినవి

టీకా వేయిస్తే పిల్లలకు ఆటిజం వస్తుందనే వీడియో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. పంపింది మనవాళ్లే కాబట్టి నమ్మబుద్ధి అవుతుంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడండి.

1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు 12 మంది పిల్లలను చూసి, ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చని లాన్సెట్ పత్రికలో రాశాడు. తర్వాత లక్షలాది పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో ఆ సంబంధం కనిపించలేదు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని రద్దు చేసింది. అదే ఏడాది బ్రిటన్‌లో ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ పోయింది. భయం మాత్రం పోలేదు.

మినెసోటాలోని సోమాలీ కుటుంబాలూ మనలాగే వలస వచ్చినవాళ్లే. ఒకప్పుడు వాళ్ల పిల్లల్లో దాదాపు అందరికీ ఈ టీకా పడేది. తమ పిల్లల్లో ఆటిజం ఎందుకు కనిపిస్తోందని తల్లులు అడిగితే సరైన జవాబు దొరకలేదు. ఆ సందులో టీకా వ్యతిరేకులు దూరారు. వేక్‌ఫీల్డ్ కూడా అక్కడికి వెళ్లి మాట్లాడాడు. టీకా వేయించేవాళ్లు సగానికి పడిపోయారు. 2017లో 75 మందికి తట్టు సోకింది. ఎక్కువమంది టీకా పడని సోమాలీ పిల్లలే. 2025లో టెక్సాస్‌లో టీకా పడని ఇద్దరు పిల్లలు తట్టుతో చనిపోయారు.

తట్టు గాలిలో వ్యాపిస్తుంది. ఒకే అపార్ట్‌మెంటులో రెండు కుటుంబాలు సర్దుకుని ఉన్నా, మీరు యజమాని పసిబిడ్డను చూసుకునే పనిలో ఉన్నా ప్రమాదం ఎక్కువ.

మీరు చేయాల్సింది:

డబ్బు: ఇన్సూరెన్సు లేకపోయినా, మెడికెయిడ్ ఉన్నా, 19 ఏళ్లు నిండని పిల్లలకు "వాక్సీన్స్ ఫర్ చిల్డ్రన్" పథకంలో టీకా ఉచితం. సూది వేసినందుకు కొంత ఫీజు అడగొచ్చు. కట్టలేమంటే టీకా ఆపకూడదు.

సెలవు: రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 2024 నుంచి ఏడాదికి కనీసం 40 గంటలు లేదా 5 రోజుల జీతంతో కూడిన సిక్ లీవ్ ఉంది. ఇళ్లలో పనిచేసేవాళ్లకూ వర్తిస్తుంది. బిడ్డకు టీకా వేయించడానికీ వాడుకోవచ్చు.

కార్డు: ఇండియా టీకా కార్డు పారేయకండి. ఇక్కడ ఎంఎంఆర్ 12–15 నెలలకు ఒకటి, 4–6 ఏళ్లకు ఇంకొకటి. ఇండియాలో 9 నెలలకు వేసింది ఈ లెక్కలోకి రాదు. 6–11 నెలల బిడ్డతో ఇండియా వెళ్తుంటే ముందే ఒక డోసు వేయించాలి.

అనుమానం: టీకా తర్వాత కొందరికి జ్వరం, దద్దుర్లు వస్తాయి, కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. ఇంకేమైనా భయముంటే క్లినిక్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పి డాక్టరునే అడగండి. అడగడం తప్పు కాదు. జవాబు ఎవరి దగ్గర తీసుకుంటున్నామన్నదే ముఖ్యం.