స్మృతి, భీతి, విద్య: దీవులు నేర్పిన పాఠం

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర గంటల వేళ సుమత్రా పశ్చిమ తీరాన సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూమి కంపించినది. కొద్దిసేపటికే సముద్రం పొంగి నికోబార్ దీవులను ముంచెత్తినది. కార్ నికోబార్, కచ్చాల్ మొదలైన దీవులలో తీరగ్రామాలు తుడిచిపెట్టుకొని పోయినవి. అండమాన్ నికోబార్ దీవులలో మృతులు, గల్లంతైనవారు కలిసి అధికార లెక్కల ప్రకారమే మూడు వేలకు పైబడినారు.

అదే ఉదయం లిటిల్ అండమాన్ దీవిలో డ్యూగాంగ్ క్రీక్ వద్ద నివసించే ఓంగీ తెగవారు, సంఖ్యకు సుమారు నూరుమంది, ప్రాణాలు దక్కించుకొన్నారు. భూమి కదలగానే వారు తీరాన్ని విడిచి మెరక ప్రదేశానికి చేరుకొన్నారు. వారికి ఏ యంత్రమూ హెచ్చరిక పంపలేదు. పెద్దల నోట తరతరాలుగా వినవచ్చిన మాటలే వారిని నడిపించినవని పలువురు పరిశీలకులు భావించినారు. ఎన్నడో జరిగిన ఉపద్రవం, ఇప్పుడు జీవించివున్నవారెవ్వరూ చూడని ఉపద్రవం, మనిషి మెదడులో ఎట్లు నిలిచి ఉండగలదు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే జ్ఞాపకం ఏర్పడే తీరును తెలిసికోవాలి.

మెదడులో రెండు కేంద్రాలు

మెదడు లోపలి పొరలలో, చెవులకు సమీపంగా ఇరువైపులా, హిప్పోకాంపస్ అనే భాగం కలదు. సముద్రంలో తిరిగే గుర్రపుమూతి చేప ఆకారాన్ని పోలి ఉండుటచే దానికి ఆ పేరు వచ్చినది. కొత్త అనుభవాలను జ్ఞాపకాలుగా కూర్చే పని దానిది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకునికి మూర్ఛవ్యాధి నివారణకై ఈ భాగాన్ని చాలమేరకు తొలగించినారు. ఆ తరువాత అతనికి పాత సంగతులు పెక్కు గుర్తున్నవి గాని, కొత్తగా జరిగినదేదీ నిలువలేదు. విశేషమేమంటే, అద్దంలో చూచుచు బొమ్మ గీయుట వంటి పనులను అతడు రోజురోజుకూ మెరుగుగా చేయగలిగినాడు. అంతకు ముందు ఆ పని చేసినట్లు మాత్రం అతనికి జ్ఞప్తి లేదు. మనసుకు గుర్తుండే జ్ఞాపకం ఒకటి, చేతికీ కాలికీ అలవడే జ్ఞాపకం మరొకటి అని దీనివలన స్పష్టమైనది.

హిప్పోకాంపస్‌ను ఆనుకొని బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉన్నది. భయం వంటి తీవ్రభావాలకు అది ముఖ్యకేంద్రం. ప్రమాదం ఎదురైనప్పుడు దాని ప్రేరణతో శరీరంలో అడ్రినలిన్ వంటి స్రావాలు వెలువడుతవి, గుండె వేగం హెచ్చుతుంది, ఆ క్షణపు అనుభవం మెదడులో గాఢంగా ముద్రపడుతుంది. నిన్న తిన్న కూర మరచినవాడు కూడ ఇరువది ఏండ్ల క్రిందట ఎదురైన ప్రాణగండాన్ని మరువడు.

భయానికి గల హద్దులు

అయితే భయం మంచి గురువని భావించుట పొరపాటు. గాఢమైన జ్ఞాపకమంతా యథార్థమని చెప్పలేము. తలచుకొన్న ప్రతిసారీ జ్ఞాపకం కొంత మారే అవకాశం ఉన్నది. పైగా మితిమీరిన భయం నేర్పుటకు బదులు గాయపరుస్తుంది. సునామీ తరువాత సహాయశిబిరాలలో పలువురు నిద్ర పట్టక, మళ్లీ సముద్రం వస్తుందన్న బెదురుతో బాధపడినారు. బెంగుళూరు నుండి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ వైద్యబృందాలు వచ్చి వారికి సేవలందించినవి. నికోబారీల ఉమ్మడి కుటుంబ వ్యవస్థ 'తుహెత్' కూడ దుఃఖాన్ని పంచుకొనుటకు ఆసరా అయినది.

భయపడకుండ నేర్చుకొనే మార్గం లేదా? ఉన్నది. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రజ్ఞుడు అప్లీసియా అనే సముద్రపు నత్తజాతి జీవిపై పరిశోధనలు సాగించి 2000లో నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. ఒకేసారి కలిగిన ప్రేరణ నిమిషాలపాటు మాత్రమే నిలుస్తుందనీ, విరామాలతో మళ్లీ మళ్లీ కలిగిన ప్రేరణ నాడీకణాల మధ్య కొత్త సంధులను ఏర్పరచి దీర్ఘకాలం నిలుస్తుందనీ ఆయన నిరూపించినాడు. అమ్మమ్మ ఒకే కథను వందసార్లు చెప్పుటలో ఈ శాస్త్రమే ఇమిడి ఉన్నది.

కథ కాపాడిన దీవి

ఇందుకు నికోబార్‌కు దక్షిణాన, ఇండోనేషియాలోని సిమెలూ దీవి ప్రబల నిదర్శనం. 1907లో అక్కడ సునామీ వచ్చి ఎందరినో బలిగొన్నది. బ్రతికినవారు దానిని 'స్మోంగ్' అని పిలిచి, పాటగా, కథగా పిల్లలకు చెప్పినారు. భూమి గట్టిగా కంపించి, సముద్రం వెనుకకు తగ్గితే కొండకు పరుగెత్తవలె నన్నదే అందులోని సారం. 97 ఏండ్ల తరువాత, 2004లో, భూకంప కేంద్రానికి అతి సమీపంలో ఉండి కూడ సుమారు 78 వేల జనాభా గల ఆ దీవిలో మరణించినవారు ఏడుగురు మాత్రమే. కార్ నికోబార్ వద్ద 1881 డిసెంబరు 31న పెద్ద భూకంపమే వచ్చినది గాని, అప్పుడు లేచిన అలలు చిన్నవి. భయంకరమైన అలను గూర్చిన కథ పుట్టుటకు ఆ అనుభవం చాలదు.

ఒక మెదడులోని జ్ఞాపకం ఆ మనిషితోనే అంతరిస్తుంది. దానిని మరొక మెదడుకు చేర్చే పడవ భాష. 2010 జనవరి 26న గ్రేట్ అండమానీ తెగలలో బో భాష మాట్లాడిన చివరి వ్యక్తి, బోవా సీనియర్, సుమారు 85వ ఏట కన్నుమూసినది. 2004 నాటి ఉత్పాతాన్ని ఆమె స్వయంగా చూచినది. భూమి కంపించినప్పుడు ఏమి చేయవలెనో పెద్దలు చెప్పగా తెలిసినదని భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీకి ఆమె వివరించినది. ఆమెతో ఆ భాషలోని కథలను కథలుగా వినగలిగిన చివరి చెవి కూడ పోయినది.

నేటి కర్తవ్యం

2007 అక్టోబరు నుండి హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ పనిచేయుచున్నది. కాని భూకంప కేంద్రం చేరువలో ఉన్నప్పుడు అల కొన్ని నిమిషాలలోనే తీరాన్ని తాకవచ్చును. అప్పుడు కాళ్లక్రింది భూమి కదలికయే మొదటి హెచ్చరిక. దానిని గుర్తించవలసినది తీరాన నిలిచిన మనిషి మెదడే.

ఈ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ మొదలైన భాషలవారు కలిసి జీవించుచున్నారు. 2011 జనగణనలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి తరలివెళ్లిన కుటుంబాలు వారిలో అనేకం. పాత తెగలకున్న తరతరాల సముద్రస్మృతి ఈ నూతన నివాసులకు లేదు. కనుక అది పాఠశాలలో, ప్రతి పిల్లవాని ఇంటిభాషలో, విరామాలతో పలుమార్లు చెప్పవలసిన పాఠం. పుస్తకంలో చదివినది ఒక విధమైన జ్ఞాపకం. బడి నుండి మెరకకు పిల్లలను నడిపించి చేయించే అభ్యాసం మరొక విధమైన జ్ఞాపకం. మొలైసన్ ఉదంతం తెలిపినట్లు ఈ రెండింటికీ మెదడులో వేర్వేరు త్రోవలున్నవి. రెండు త్రోవలనూ తెరచి ఉంచినవాడు తడబాటు క్షణంలో కూడ సరియైన దిక్కునకు అడుగువేయగలడు.