ఆచూకీ లేని జీవిత భాగస్వామి: ఏడేండ్లు నిండితే చాలునా?

"ఫాదర్, ఆమె పెనిమిటి బొంబాయి పోయి తొమ్మిదేండ్లాయె. ఉన్నడో లేడో తెల్వదు. కోర్టు విడాకులిచ్చింది. ఇగ గుడిల పెండ్లి చేయరాదా?" పాలమూరు, నల్లగొండ విచారణలలో ఇది కొత్త ప్రశ్న కాదు. మేస్త్రీ వెంట పనికి పోయి తిరిగిరాని వారున్నారు. వారి భార్యలు అటు విధవలూ కారు, ఇటు సుమంగళులూ కారు.

మొదట దేశ చట్టం సంగతి. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తుంది. భర్త విడిచిపోయాడన్న ఒక్క కారణంతో 2001 వరకు క్రైస్తవ స్త్రీకి విడాకులు దొరికేవి కావు. అతని వ్యభిచారాన్ని కూడ రుజువు చేయాలి. కనబడనివాని వ్యభిచారానికి సాక్ష్యం ఎవరు తెచ్చేది! 2001 సవరణ తరువాత రెండేండ్లు విడిచిపెట్టి ఉండడం ఒక కారణం. ఏడేండ్లుగా బ్రతికి ఉన్నట్లు వార్త లేకపోవడం మరొక కారణం. చిరునామా తెలియకుంటే కోర్టు అనుమతితో నోటీసును చివరగా కాపురమున్న ఇంటికి అంటించి, పత్రికలో ప్రకటించి కేసు నడపవచ్చును.

అయితే ఆ తీర్పు దివ్యసంస్కార బంధాన్ని విప్పజాలదు. శ్రీసభ చట్టం 1707వ నియమం ప్రకారం, మరణ ధృవపత్రం లేనప్పుడు భాగస్వామి మరణించినట్లు ప్రకటించవలసినది పీఠాధిపతులే. ఎంత దీర్ఘకాలమైనా, కేవలం కనబడకపోవడం అందుకు చాలదు. తోటి కూలీలను, బంధువులను విచారించి, మరణించాడన్న నైతిక నిశ్చయానికి రావాలి. ప్రమాదం జరిగిన చోట మాయమైనవాడు వేరు, పోట్లాడి వెళ్ళినవాడు వేరు. రెండవవాడు ఇరవై ఏండ్లు రాకున్నా, ఎక్కడో మరొక సంసారం చేస్తూ ఉండవచ్చును. అతడు బ్రతికి ఉంటే, ఇక్కడ జరిపించిన రెండవ వివాహం వివాహమే కాదు. భార్య కనబడకుంటే ఏడాది తిరగకముందే కొడుక్కు సంబంధాలు చూసే పెద్దలకూ ఇదే నియమమని మరువరాదు.

మరొక మార్గం ఉన్నది. పెండ్లినాడే సమ్మతిలో లోపం ఉండెనా అని మేత్రాసన వివాహ న్యాయస్థానం పరిశీలిస్తుంది. శ్రద్ధగా వెదకిన మీదట, ఎదుటివారు దొరకకున్నా విచారణ సాగుతుంది. కాని శ్రీసభ తీర్పు ప్రభుత్వ చట్టం ముందు విడాకులతో సమానం కాదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. మళ్ళీ పెండ్లాడాలంటే రెండు చోట్లా విడుదల కావాలి.

కోర్టు విడాకులు పొందినందుకే సత్ప్రసాదానికి దూరంగా కూర్చునే అక్కచెల్లెండ్రు ఉన్నారు. ఎవరు చెప్పిరో గాని, అది పొరపాటు. పిల్లల పోషణకు, ఆస్తి హక్కుకు అదొక్కటే మార్గమైతే విడాకులు పొందడం పాపం కాదని కతోలిక సత్యోపదేశం (2383) బోధిస్తున్నది. మరొకరితో కాపురం పెట్టనంతవరకు, ఆ విడాకుల కారణంగా ఆమెను సత్ప్రసాదం నుండి ఆపేది ఏమీ లేదు. బలిపూజలో ముందుకు రండి.

భర్త జాడ తెలియని ఇంటివారు ఏడేండ్లు నిండేదాక ఊరకుండక, ఇప్పుడే పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకొనండి. అతనితో పనిచేసినవారి పేర్లు, ఊర్లు రాయించి ఒక ప్రతిని విచారణ గురువులకు అప్పగించండి. ఆ సాక్షులు కూడ వలస కూలీలే. వచ్చే ఏడు ఎక్కడుంటారో.