ఆసులు వచ్చినా వదలాల్సిన వేళ

మల్లాపూర్, హైదరాబాద్

చిన్నోడా,

అక్కడ అమెరికాలో పోకర్ టోర్నమెంట్‌కు కూర్చుంటున్నావట. రెండు ఆసులు పడ్డా ఫోల్డ్ చేయాల్సి వస్తుందా అని అడిగావు. అరుదే బిడ్డా, కానీ వస్తుంది.

మనింట్లో ఆడే 101 పూల్ రమ్మీ తీసుకో. మొదట్లోనే డ్రాప్ చేస్తే 20, మధ్యలో 40, ఫుల్ కౌంట్ 80. నీకు 40 పాయింట్లున్నాయి, మిగిలిన ఇద్దరికీ 85, 90. డ్రాప్ చేస్తే 101 దాటుతారు కాబట్టి వాళ్లు ఆడి తీరాలి. నీకు జోకర్ పడింది, ముక్కలు కలిసేలా ఉన్నాయి, ప్యూర్ సీక్వెన్స్ మాత్రం లేదు. మొదట్లోనే డ్రాప్ చేస్తే నీకు 60. వాళ్లలో ఒకరు షో చెబితే రెండోవాడు దాదాపు బయటికే. ఆశపడి ఆడి ఫుల్ కౌంట్ తిన్నావో, 120తో నువ్వే లేచిపోతావు. నేనైతే డ్రాపే చేస్తాను.

పోకర్‌లో మంచి ముక్కలున్నా వదలాల్సి రావడం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది సీట్లే బహుమతిగా ఇచ్చే శాటిలైట్‌లో. పెద్ద టోర్నమెంట్‌కు 10 సీట్లు ఇస్తున్నారు, 11 మంది మిగిలారు అనుకో. మొదటివాడికీ పదోవాడికీ దక్కేది అదే సీటు. చిప్స్‌లో నువ్వు రెండో స్థానంలో ఉన్నావు, మొదటివాడు ఆల్-ఇన్ అన్నాడు, నీ చేతిలో రెండు ఆసులు. అతని దగ్గర ఏ ముక్కలైనా ఉండొచ్చు అనుకుంటే, నీ గెలుపు సగటున సుమారు 85 శాతం. అంటే దాదాపు ఏడింట ఒకసారి ఓడి ఇంటికి వస్తావు. గెలిస్తే? రెట్టింపు చిప్స్‌కు రెండో సీటు ఇవ్వరు. ఫోల్డ్ చేసి, చిప్స్ అయిపోవచ్చినవాడు పడిపోయేదాకా ఆగితే సీటు ఇంచుమించు నీదే. ఇక్కడ ఆసులు పడేయడం పిరికితనం కాదు, ముమ్మాటికీ సరైన ఆట.

అలాగని దీన్ని అన్నిచోట్లా పట్టుకు తిరగకు. క్యాష్ గేమ్‌లోనూ, టోర్నమెంట్ మొదట్లోనూ బల్ల మీద ముక్కలు తెరవకముందే ఆసులు వదిలితే అది తప్పే. ఆల్-ఇన్ అన్నవాడి చిప్స్ నీకన్నా బాగా తక్కువైతే, ఓడినా నువ్వు బల్ల దగ్గరే ఉంటావు, ధైర్యంగా కాల్ చెయ్యి. బహుమతులు మెట్లు మెట్లుగా ఉన్న టోర్నమెంట్‌లో ఆసులు వదలాల్సిన అవసరం దాదాపు రాదు. బబుల్ దగ్గర, అంటే ఇంకొకరు పడిపోతే మిగిలినవాళ్లందరికీ బహుమతి దక్కే దశలో, నీకన్నా ఎక్కువ చిప్స్ ఉన్నవాడు ఆల్-ఇన్ అంటే జాకీల జత, ఆసు-రాణి లాంటివి వదలాల్సి రావచ్చు. అందుకే ముక్కలు ఎత్తిచూసే ముందే ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో లెక్కపెట్టుకో. ముక్కలు చూశాక మనసు లెక్క వినదు.

ముక్కలు వదలడమూ నైపుణ్యమే. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నది. పడిన ముక్కలు గుర్తుంచుకోవడం, ఏది పట్టుకోవాలో ఏది పడేయాలో తెలియడం, కోర్టు చూసిన నైపుణ్యం అదే. అయినా 2017లో తెలంగాణ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025లో కేంద్ర చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలకు అడ్డుకట్ట వేసింది. అప్పులపాలైన ఇళ్లను చూసినవాడిగా ఆ కట్టడి సబబేనంటాను.

అక్కడ ఎంట్రీ ఫీజు పోయినా ఇంటి ఖర్చుకు లోటు రాని చోటే కూర్చో. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో డబ్బు ఆటల యాప్‌లు తెరవకు. మనం వట్టి పాయింట్లకే ఆడుకుందాం.

నీ పెద్దబాపు